గెడ్డపేట నుంచి ఒకరు

"చదివేవాళ్ళెవరో తెలియకుండా చదువు చెప్పడం ఎలాగమ్మా?"

భాస్కరం ఈ మాట అడిగింది మాఘమాసంలో ఒక సాయంత్రం. నరసమ్మ పంతులమ్మగారు చూద్దామన్నారు. ఆవిడ అలవాటే అంత. ఎవరేం అడిగినా వాదనకి దిగరు. "చూద్దాంలే నాయనా" అంటారు, చేతిలో పని చేసుకుంటారు. ఆ చూద్దాం ఒక్కోసారి ఒక పూటలో తేలుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఈ ప్రశ్నకి మాత్రం నాలుగు నెలలు పట్టింది. మధ్యలో మేం ఒక నిర్వాకం చేశాం. మేం అంటే భాస్కరమూ నేనూ. వయసులో పెద్దవాణ్ణి కనక తప్పులో పెద్దపాలు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. తరవాత ఎవరూ నన్ను నిలదీయనక్కర్లేదు.

గేదెల అప్పలనరసమ్మగారు శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున ఒక పాతవీధిలో ఉంటారు. నలభై ఏళ్ళుగా ఆవిడ పని ఒక్కటే, పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పడం. చేపల తట్ట దించి వచ్చే ఆడవాళ్ళు, తాపీపని కూలీలు, జీడిపిక్కలు కొట్టే చేతులు నల్లబడ్డ ముసలమ్మలు, వీళ్ళే ఆవిడ విద్యార్థులు. ఆవిడ బడికో ఆచారం ఉంది. వేలిముద్ర మాని మొదటిసారి సంతకం పెట్టిన రోజున ఆ మనిషి పేరు వీధిగోడ మీద సుద్దతో పెద్దగా రాస్తారు. అందరికీ అటుకులూ బెల్లమూ పంచుతారు. ఆ పేరుగల మనిషి గోడ ఎదురుగా నిలబడి తన పేరు తాను చదువుకుంటుంటే చూసినవాళ్ళకి కళ్ళు చెమర్చకుండా ఉండవు. భాస్కరం వాళ్ళమ్మ పేరు కూడా ఒకప్పుడు ఆ గోడ మీద ఉండేది. అప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. వాడు పంతులమ్మగారికి శిష్యుడైంది ఆ రోజే అని నా నమ్మకం.

ఇప్పుడు వాడికి ముప్పై నాలుగు. ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్లు చెబుతాడు. రెండేళ్ళ కిందట పంతులమ్మగారి మోకాళ్ళు మొరాయించి బడి పలచబడింది. అప్పుడు ఆవిడ పాఠాలన్నీ ఒక బ్లాగులో పెట్టాడు. పేజీకి ఒక అక్షరం, పలకంత పెద్దది. దాని మీద వేలు పెడితే ఆవిడ గొంతు పలుకుతుంది. అక్షరం ముక్క రాని మనిషి కూడా ఒక్కసారి ఎవరిచేతనైనా తెరిపించుకుంటే చాలు, ఆ తరవాత వేలే దారి చూపిస్తుంది. మంచి పని. నేను లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ణి. బ్లాగుకి నేను చేసిన సేవ ఏమిటంటే, రోజూ భాస్కరం పక్కన కూర్చుని, "ఎంతమంది చూశార్రా?" అని ప్రాణం తియ్యడం.

వాడు పంతులమ్మగారిని ఆ ప్రశ్న అడిగింది ఈ నస భరించలేకే. ఆవిడ చూద్దామన్నాక మేం ఆగొద్దూ? ఆగలేదు. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే లెక్కల పరికరం ఒకటుందని భాస్కరం కనిపెట్టాడు. నాలుగు వరుసల కోడు తెచ్చి బ్లాగులో అతికిస్తే చాలట. ఎంతమంది వచ్చారు, ఏ ఊరినుంచి వచ్చారు, ఏ పేజీ తెరిచారు, అక్కడ ఎన్ని నిమిషాలున్నారు, అక్కణ్ణుంచి ఏ పేజీకి వెళ్ళారు, అన్నీ చూపిస్తుంది. "పైసా అక్కర్లేదు మాస్టారూ!" అన్నాడు. "మరింకేం, కానియ్!" అన్నాను నేను.

పంతులమ్మగారికి చూపిస్తే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "మనం చూస్తున్నట్టు వచ్చినవాళ్ళకి తెలుస్తుందా?" అని అడిగారు.

"తెలీదమ్మా," అన్నాడు భాస్కరం గర్వంగా.

"ఊఁ," అన్నారావిడ. అంతే. ఆ ఊఁ ఏమిటో అప్పుడే ఆలోచించి ఉండాల్సింది. కోతికి కొబ్బరికాయ దొరికిన సమయంలో ఎవరికి ఆలోచన ఉంటుంది!

మొదటిరోజు ఇరవై మూడుమంది వచ్చినట్టు చూపించింది. మేం పొంగిపోయాం. తీరా విప్పి చూస్తే అందులో పదకొండుసార్లు వచ్చింది భాస్కరం, ఏడుసార్లు నేను. మమ్మల్ని లెక్కలోంచి తీసేస్తే అయిదుగురు మిగిలారు. ఆ అయిదుగురిలో నలుగురు పది సెకన్లు కూడా నిలవలేదు. నాకు ఎంత నీరసం వచ్చిందో చెప్పలేను. అయిదో మనిషిని నాలుగురోజుల దాకా మేం పట్టించుకోనేలేదు.

ఆ అయిదో మనిషి గెడ్డపేట నుంచి. మామూలుగా సెల్‌ఫోను సిగ్నలు మీద చూసేవాళ్ళందరినీ ఆ పరికరం విశాఖపట్నం అనో హైదరాబాదు అనో చూపిస్తుంది. ఈ మనిషికి ఇంట్లో కేబులు నెట్ లైనున్నట్టుంది, ఊరి పేరు సరిగ్గా చూపించింది. పాలకొండ దాటాక ఆరేడువందల గడపల ఊరు అది. రోజూ తెల్లవారి అయిదింటికి వస్తారు. అ దగ్గర మొదలుపెట్టారు. రోజుకొక పేజీ. ఇంట్లోవాళ్ళు లేవకముందే చూసుకుంటున్నారని ఇప్పుడు తెలుస్తోంది గాని, అప్పుడు మాకు తెలిసిందల్లా గంట కొట్టినట్టు అయిదింటికి రావడం ఒక్కటే. ఆడో మగో తెలీదు. పేరు తెలీదు. తెరమీద ఒక చిన్న చుక్క, పక్కన గెడ్డపేట అని ఊరి పేరు.

ఆ చుక్కంటే మాకు ప్రాణమైపోయింది. నేను అయిదింటికే లేచి భాస్కరానికి ఫోన్ చేసేవాణ్ణి. "వచ్చారా?" అంటే "వచ్చారు మాస్టారూ, ఇవాళ ఖ దగ్గరున్నారు," అనేవాడు. పందొమ్మిదోరోజు రాలేదు. ఆ రోజు నాకు కాఫీ రుచించలేదు. జ్వరమేమో, ఇంట్లో ఏమైనా అయిందేమో అని ఇద్దరం మథనపడ్డాం. ఇరవయ్యోరోజు వచ్చి రెండు పాఠాలూ ఒక్కసారే చదివేశారు. కన్నపిల్లలు పరీక్ష ప్యాసైనా నేను అంత సంబరపడలేదు.

అలా అక్షరాలయ్యాయి, గుణింతాలయ్యాయి, ఒత్తులు మొదలయ్యాయి. ఒత్తుల పాఠాలు భాస్కరం రోజుకొకటి చొప్పున అప్పటికప్పుడు పెడుతున్నాడు. ఒత్తులు కూడా పట్టుబడితే ఆ మనిషి ఇక ఏ కాగితమైనా చదివేస్తారు. పట్టుబడకపోతే ఇన్నాళ్ళ శ్రమా దండగ, సగం మాటలు నోటికి రావు. అంత దగ్గరికి వచ్చారన్నమాట.

నూట ఎనిమిదోరోజు వచ్చింది. జపమాల ఒక చుట్టు పూర్తయినట్టే. పంతులమ్మగారు అప్పుడు ఊళ్ళో లేరు, టెక్కలిలో చెల్లెలిగారింటికి వెళ్ళారు. "బళ్ళో అయితే ఈపాటికి గోడ మీద పేరు రాసి అటుకులు పంచేవాళ్ళం కదా మాస్టారూ," అన్నాడు భాస్కరం. "మరి రాయి! మనకి గోడ లేదా ఏమిటి, బ్లాగే గోడ," అన్నాను నేను. ఇద్దరం కూర్చుని మూడు వాక్యాలు కూర్చి, అన్నిటికన్నా పైన, తెరవగానే కనబడేలా పెట్టాం.

"గెడ్డపేటలో రోజూ తెల్లవారి అయిదింటికి మన పాఠాలు చదువుతున్న మీకు నమస్కారం. నేటితో నూట ఎనిమిది రోజులు. మీలాంటి విద్యార్థి దొరకడం మా అదృష్టం."

చివరి వాక్యం నాది. చాలా బాగుందనుకున్నాను.

ఆ మర్నాడు అయిదింటికి చుక్క వచ్చింది. ఆ తరవాతి రోజు రాలేదు. మూడోరోజూ రాలేదు.

మేం అంత కంగారుపడలేదు, ఎందుకంటే మిగతా లెక్క అమాంతం పెరిగిపోయింది. ఆ మూడు వాక్యాలూ ఎవరో ఫొటో తీసి పదిమందికీ పంపారు. గెడ్డపేట వాళ్ళ వాట్సాప్ గుంపుల్లోకి వెళ్ళింది. ఒక్కరోజులో నాలుగువందల పన్నెండుమంది! నేను జిలేబీ కొనుక్కొచ్చాను. తింటూ తింటూ బ్లాగు కింద వచ్చిన వ్యాఖ్యలు చదివాం. "మా ఊళ్ళో చదువురాని పెద్దమనిషి ఎవరబ్బా?" అని ఒకరు. "నెట్ లైనున్న ఇళ్ళు పదో పన్నెండో, రేపటికల్లా పట్టేస్తాం" అని ఇంకొకరు. దానికింద నవ్వే బొమ్మలు వరసగా. పందెం కూడా కాశారు, ఫలానా కొట్టాయన అని ఒకరూ ఫలానా మేస్త్రీ అని ఒకరూ. పాపం, సరదాకే. నా చేతిలో జిలేబీ చేతిలోనే ఉండిపోయింది. భాస్కరం ముఖం చూస్తే నెత్తురుచుక్క లేదు.

వెంటనే ఆ మూడు వాక్యాలూ తీసేశాం. వ్యాఖ్యలూ తీసేశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది. నాలుగోరోజు అయిదింటికి ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. అయిదున్నరయింది. ఆరయింది. బయట పాలవాడు వచ్చి వెళ్ళాడు. గెడ్డపేట నుంచి ఎవరూ రాలేదు.

పంతులమ్మగారు టెక్కలి నుంచి వచ్చేసరికి వారం గడిచింది. మేమిద్దరం తేలుకుట్టిన దొంగల్లా ఆవిడ ముందు నిలబడి జరిగింది చెప్పాం. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రాసిన మర్నాడు వచ్చారన్నావు కదా. ఆ రోజు ఎంతసేపున్నారు?" అని అడిగారు.

భాస్కరం వెతికి చెప్పాడు. "నలభై మూడు నిమిషాలమ్మా."

"ఏ పాఠం దగ్గర?"

"పాఠం కాదమ్మా. మేం రాసినదాని దగ్గరే. కాసేపు అక్కడుండి గ పేజీకి వెళ్ళారు. మళ్ళీ వెనక్కి వచ్చారు. డ పేజీకి వెళ్ళారు, వచ్చారు. ప పేజీకి వెళ్ళారు..."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "మూడు వాక్యాలకి నలభై మూడు నిమిషాలు. కూడబలుక్కుని చదివారు నాయనా. తెలీని అక్షరం తగిలినప్పుడల్లా పాఠం తిరగేసి, మళ్ళీ వచ్చి చదివారు. పుట్టాక తనంతట తాను చదివిన మొదటి ఉత్తరం అది. అందులో మనం ఏటి రాశామూ?"

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. దాచుకోలేదు. అరవై ఎనిమిదేళ్ళవాణ్ణి, పైపంచె మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. భాస్కరం ఏడవలేదు. వాడికి కోపం వచ్చింది. తన మీద తనకి వచ్చిన కోపాన్ని ఆవిడ వైపు తిప్పాడు.

"మెచ్చుకోవడం తప్పా అమ్మా? మీరు గోడ మీద రాయరా? మా అమ్మ పేరు రాయలేదూ? ఆవిడ చచ్చిపోయేదాకా ఆ రోజు గురించే చెప్పుకుంది. మరి మీరు చేస్తే పండగ, నేను చేస్తే పాపమా?"

ఇది సరైన ప్రశ్నే. ఆవిడ మామూలుగానే, "చూద్దాం," అన్నారు.

"చూసేదేం లేదు. రేపు గెడ్డపేట వెళ్తాను. లైనున్నవి పన్నెండిళ్ళే కదా, ప్రతి గుమ్మం ఎక్కుతాను. ఆ మనిషి ఎవరో కనుక్కుని కాళ్ళ మీద పడతాను. మళ్ళీ చదువుకోమని బతిమాలతాను."

ఆవిడ వాడివైపు చూసి, "సరే. నేనూ వస్తాను. మాస్టారూ, మీరూ రండి," అన్నారు. ఆ మోకాళ్ళతో ప్రయాణమేమిటని నేను అనబోయి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ముగ్గురం ఆర్టీసీ కాంప్లెక్సులో ఉన్నాం. పాలకొండ బస్సెక్కి అక్కడ మారాలి. రెండు బస్సులు పక్కపక్కన ఆగి ఉన్నాయి, ఒకటి రాజాం వెళ్ళేది, ఒకటి పాలకొండ వెళ్ళేది. పాలకొండ బస్సు డ్రైవరు అప్పుడే ఎక్కి ఇంజను వేశాడు. కండక్టరు టీ కొట్టు దగ్గర గ్లాసు ఖాళీ చేస్తున్నాడు. పంతులమ్మగారు ఇంకా బెంచీ మీదనుంచి లేవలేదు.

బస్సుల ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో పెన్ను, చంకలో మడిచిన పేపరు. చేతిలో స్టీలు క్యారేజీ ఉంది, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి పట్టుకెళ్ళే రకం. ఆయన ఈ బోర్డు చూశాడు, ఆ బోర్డు చూశాడు. జేబులు తడుముకున్నాడు. "ఛ! కళ్ళజోడు ఇంట్లో వదిలేశాను," అన్నాడు, ఎవరితోనూ కాదు, గాలితో.

భాస్కరం మంచివాడు. మంచివాళ్ళకి కాళ్ళు ముందు కదులుతాయి. చటుక్కున వెళ్ళి, నలుగురికీ వినబడేలా, "ఎక్కడికండీ? బోర్డు చదివి చెప్పమంటారా?" అని అడిగాడు.

చుట్టుపక్కలవాళ్ళు ఇటు తిరిగారు. ఆయన ముఖం గట్టిబడిపోయింది. "ఏం, నాకు చదవడం రాదనుకున్నావేటి?" అన్నాడు. చంకలోంచి పేపరు తీసి బారుగా విప్పి, ఆ లేని కళ్ళజోడుతోనే చదవడం మొదలుపెట్టాడు. కండక్టరు వచ్చి పాలకొండ బస్సెక్కాడు. ఆయన పేపరు వెనకాల కదలకుండా నిలబడ్డాడు.

అప్పుడు పంతులమ్మగారు లేచారు. నొప్పికి పళ్ళు బిగబట్టి నాలుగడుగులు వేసి ఆయన పక్కగా వచ్చి నిలబడ్డారు. ఆయనవైపు చూడనైనా లేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి, నలభై ఏళ్ళలో నేనెన్నడూ వినని గొంతుతో కేకేశారు.

"ఏం అన్నయ్యా, ఇంత వయసొచ్చింది, బస్సు బోర్డు చదవడం నేర్చుకోకపోతే ఎలా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఇదిగో, ఇదీ రాజాం బస్సు. ఆ పక్కన ఇంజను వేసి ఉన్నదీ పాలకొండది. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది!"

నేను తెల్లబోయాను. ముప్పై ఆరేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి! కాంప్లెక్సులో సగం మంది నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్ళే ఉండి ఉంటారు. నోరు తెరవబోయాను. ఆవిడ ఒక్క చూపు చూశారు. నోరు మూసుకుని తల దించుకున్నాను. పక్కన పండ్లబండి ఆవిడ కిసుక్కున నవ్వింది. అబద్ధమని తెలుసు, ఆవిడ ఎందుకంటున్నారో కూడా అప్పటికి లీలగా అర్థమైంది, అయినా నా చెవులు వేడెక్కిపోయాయి. భూమి బద్దలై నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. అర నిమిషం అబద్ధపు సిగ్గుకే అలా ఉంటే, ఒక మనిషి యాభై ఏళ్ళు దాన్ని ఎలా మోస్తాడో నాకు తెలీదు. మూడుసార్లు జనాభా లెక్కల డ్యూటీ చేశాను నేను. "చదవడం రాయడం వచ్చా?" అని గుమ్మంలో నిలబడి అడిగితే తెల్లచొక్కా వేసుకున్నవాడెవడూ రాదనలేదు. వచ్చని రాసుకుని పక్కింటికి పోయాను.

తెల్లచొక్కా ఆయన పేపరు మడిచాడు. గబగబా పాలకొండ బస్సువైపు రెండడుగులు వేశాడు. మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. ఏమనుకున్నాడో, దిగి వెనక్కి వచ్చి పంతులమ్మగారి ముందు నిలబడ్డాడు. ఇందాకటి బింకమంతా పోయింది.

"తల్లీ, ఏటనుకోకు. పెద్దాయన్ని అలా అనకమ్మా. సదువు రాకపోతే మడిసి కాకుండా పోతాడేటి? నేర్పాలనుంటే ఇంటికాడ నేర్పు. పదిమందిలో అనకు." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం సిగ్గుపడకు బాబూ," అని నాతో మెల్లిగా అన్నాడు.

"తప్పే నాయనా. మరి అనను," అన్నారు పంతులమ్మగారు, రెండు చేతులూ జోడించి.

ఆయన పరుగెత్తి బస్సెక్కాడు. బస్సు కదిలింది. మేం దానిలోనే వెళ్ళాల్సి ఉంది. ఎవరమూ కదల్లేదు.

భాస్కరం బెంచీ మీద కూలబడ్డాడు. పంతులమ్మగారు వాడి పక్కన కూర్చుని మోకాళ్ళు రాసుకుంటున్నారు. వాడు అడగలేదు, అయినా ఆవిడే అన్నారు. "గోడ మీద పేరు రాసే ముందు మీ అమ్మని అడిగాను. నువ్వు అప్పుడు చిన్నవాడివి, నీకు తెలీదు. నాలుగురోజులు ఆలోచించుకుని రాయమంది."

వాడు తల ఊపాడు. ఫోను తీశాడు. బ్లాగు లోపలికి వెళ్ళి ఆ నాలుగు వరసల కోడు వెతికి పట్టుకోవడం, దాన్ని చెరిపెయ్యడం నేను పక్కనుంచి చూశాను. లెక్కలంటే పిచ్చివాణ్ణి, వద్దని ఒక్క మాట అనాలనిపించలేదు. తెర మీద గెడ్డపేటా పోయింది, విశాఖపట్నమూ పోయింది, ఆ నాలుగువందల పన్నెండూ పోయాయి.

"ఒత్తుల పాఠాలు ఇంకెన్ని మిగిలాయి?" అని అడిగారు పంతులమ్మగారు.

"పదకొండమ్మా. ఆ రోజునుంచీ పెట్టడం మానేశాను."

"రోజుకొకటి పెట్టు. తెల్లవారి అయిదింటి లోపల."

గెడ్డపేట ప్రసక్తి ఇక రాలేదు. ఆవిడ లేవడానికి చెయ్యి చాపితే భాస్కరం ఆసరా ఇచ్చాడు. ఇంటివైపు నడుస్తున్నాం. కాంప్లెక్సు గేటు దగ్గర వాడు ఆగిపోయాడు.

"ఆ మనిషి మళ్ళీ వస్తే మనకెలా తెలుస్తుందమ్మా?"

"తెలీదు నాయనా," అన్నారావిడ. "అందుకే వస్తారేమో."